ఆర్కేడ్ ఎఫ్ఎమ్ శబ్దం ఇంట్లో రావాలంటే: మాడ్యూల్ కొనాలా, వైఎమ్2151 బోర్డు కట్టుకోవాలా?

#1 రేడియోమామ
80ల చివరి ఆర్కేడ్ (నాణెం వేసి ఆడే గేమ్ మెషీన్) బోర్డుల్లో వినబడే ఆ ఎఫ్ఎమ్ (ఒక తరంగంతో ఇంకోదాన్ని ఊపి శబ్దం పుట్టించే పద్ధతి, రేడియో కాదు) బేస్, ఆ ట్రంపెట్ల గరగర కావాలి. ప్లగిన్ల (కంప్యూటర్‌లో శబ్దం పుట్టించే సాఫ్ట్‌వేర్) సంగతి తెలుసు, అడిగేది వాటి గురించి కాదు. మిడి (వాద్యాలు నోట్లను అంకెలుగా పంపుకునే పద్ధతి) కీబోర్డు తగిలించి వాయించడానికి ఒక పెట్టె కావాలి. నాకు కనిపిస్తున్నవి మూడు దారులు: యమహా ఎఫ్‌బీ-01, యమహా టీఎక్స్81జెడ్ (రెండూ మిడితో నడిచే శబ్దపు పెట్టెలు, మాడ్యూళ్లు), లేదంటే యమహా ఎఫ్ఎమ్ చిప్పు వైఎమ్2151 తెచ్చుకుని సొంత బోర్డు. రోలండ్ ఎస్‌సీ-55 తీసుకోమని కూడా కొందరంటున్నారు.

నమూనాగా రెండు గేమ్‌లు చెబుతాను. 1986 నాటి సెగా అవుట్ రన్, 1991 నాటి క్యాప్‌కామ్ స్ట్రీట్ ఫైటర్ 2. రెండింట్లోనూ ఉన్నది వైఎమ్2151 ఒక్కటే అంటారు. మరి వినడానికి అంత తేడా ఎక్కణ్ణుంచి వస్తోంది?

#2 ఆపరేటర్4
మామా, చిప్పు ఒక్కటే, చుట్టూ ఉన్న సంసారం వేరు.

వైఎమ్2151 అంటే 8 చానళ్లు, చానల్‌కు 4 ఆపరేటర్లు (తరంగం పుట్టించే భాగాలు), వాటిని కలిపే అల్గారిథమ్‌లు 8. ఆర్కేడ్‌లో దీన్ని మొదట వాడింది అటారీ, 1984లో మార్బుల్ మ్యాడ్‌నెస్ కోసం. ఆ తర్వాత సెగా, క్యాప్‌కామ్, కొనామీ అందరూ ఎగబడ్డారు.

మొదటి తేడా క్లాక్, అంటే చిప్పును నడిపే తాళం. అవుట్ రన్ బోర్డులో చిప్పు 4 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంది, స్ట్రీట్ ఫైటర్ 2 బోర్డు సీపీఎస్-1లో 3.579545 మీద. స్వరం మాత్రమే అయితే డ్రైవర్ ప్రోగ్రామ్ సర్దేస్తుంది. కానీ ఎన్వలప్‌లు (నోట్ లేచి ఆరే తీరు), ఎల్ఎఫ్ఓ (శబ్దాన్ని నెమ్మదిగా ఊపే తరంగం) కూడా క్లాక్‌తోనే పరిగెడతాయి. అవే విలువలు 4 మీద దాదాపు 12 శాతం వేగంగా సాగుతాయి, చురుగ్గా కొట్టినట్టు వినిపిస్తుంది.

రెండోది అసలు పెద్దది: డ్రమ్ములు. చాలా మంది ఎఫ్ఎమ్ అనుకుని వింటున్నదాంట్లో సగం ఎఫ్ఎమ్ కాదు. అవుట్ రన్ బోర్డులో పక్కనే సెగా సొంత పీసీఎమ్ (రికార్డు చేసిన శబ్దం ముక్కలు, అంటే శాంపిళ్లు వాయించే) చిప్పు ఉంది: 16 చానళ్లు, 8 బిట్లు. సీపీఎస్-1లో ఉన్నది ఓకీ ఎమ్ఎస్ఎమ్6295: 4 చానళ్లు, 4 బిట్ల ఏడీపీసీఎమ్ (శాంపిళ్లను కుదించి దాచే పద్ధతి), సెకనుకు దాదాపు 7,600 శాంపిళ్లు మాత్రమే. ఆ బురద పట్టిన స్నేర్, గొంతుల గరుకు అక్కణ్ణుంచే. ఎఫ్ఎమ్ చిప్పు ఒక్కటే తెచ్చుకుని "ఆర్కేడ్ లాగా లేదే" అని తల పట్టుకునేవాళ్లంతా ఇక్కడే బోల్తా పడతారు.

#3 మిడిరాణి
మాడ్యూళ్ల సంగతి నేను చెబుతాను.

ఎఫ్‌బీ-01 (1986): లోపలుండేది వైఎమ్2164. 2151కి తోబుట్టువే, స్వరం పుట్టించే భాగంలో తేడా చెప్పలేం. 8 నోట్లు, 8 భాగాలు. ఆర్కేడ్ పని కోసం కొనేటట్లయితే కాన్ఫిగరేషన్‌లో 8 ఇన్‌స్ట్రుమెంట్లు పెట్టి, ఒక్కోదానికి నోట్ల సంఖ్య 1 ఇవ్వండి, మిడి చానళ్లు 1 నుంచి 8. అప్పుడు అచ్చం చిప్పు చానళ్ల లాగే ప్రవర్తిస్తుంది. శబ్దాలు మొత్తం 7 బ్యాంకులు, బ్యాంకుకు 48. మొదటి రెండూ మనం రాసుకునేవి, మిగతా అయిదూ రామ్ కాదు, రోమ్.

తలనొప్పి ఏమిటంటే ముందు ప్యానెల్ మీద శబ్దాన్ని మార్చలేరు. ప్రతిదీ సిసెక్స్ సందేశాలతోనే (మిడి మీద ఒక్కో పరికరానికి ప్రత్యేకంగా పంపేవి), అంటే కంప్యూటర్ ఎడిటర్ తప్పనిసరి. లోపల సీఆర్2032 బ్యాటరీ సోల్డర్ చేసి ఉంటుంది. అది చచ్చిందంటే రామ్ బ్యాంకుల్లో చెత్త కనిపిస్తుంది. పాత పెట్టె రాగానే మొదటి పని రెండు బ్యాంకులూ సిసెక్స్‌గా దింపుకోవడం, రెండో పని సోల్డర్ తీసి బ్యాటరీ హోల్డర్ పెట్టడం. ఈ వరస తిరగేస్తే పాత యజమాని శబ్దాలు గాలికి పోతాయి.

టీఎక్స్81జెడ్ (1987): 4 ఆపరేటర్లే కానీ చిప్పు వేరు, వైఎమ్2414. ఆపరేటర్‌కు 8 తరంగ రూపాలు. మొదటిది సైన్. ఆర్కేడ్ శబ్దం కావాలంటే నాలుగు ఆపరేటర్లూ దాని మీదే ఉంచాలి. ప్యానెల్ నుంచే ఎడిట్ చేయొచ్చు. విడిగా వాయించడానికి ఇదే సుఖం, 2151 శబ్దాలను అంకెకు అంకె దించడానికి ఎఫ్‌బీ-01 సుఖం.

#4 8బిట్_భాస్కర్
మరి ఎస్‌సీ-55 ఎందుకు కాదు? గేమ్ సంగీతం అంటే అందరూ దాని పేరే చెబుతారు కదా అన్నా.

#5 మిడిరాణి
అన్న కాదు, అక్క 🙂

ఎస్‌సీ-55 (1991) రికార్డు చేసిన శాంపిళ్లు వాయించే పెట్టె. దానికి పేరొచ్చింది పీసీ గేమ్‌ల వల్ల. అంతకు ముందు అదే పని రోలండ్ ఎమ్‌టీ-32 (1987) చేసింది. రెండూ గొప్పవే. కానీ మామ అడిగిన ట్రంపెట్ల గరగర ఎఫ్ఎమ్ ఫీడ్‌బ్యాక్‌లోంచి (ఆపరేటర్ తన శబ్దాన్ని తనకే తిప్పి పంపుకోవడం) పుడుతుంది. ఆ పెట్టెలో దానికి చోటే లేదు.

#6 సోల్డర్_సూరి
బోర్డు కట్టుకోండి, ఇంత చర్చ ఎందుకు. కావలసినవి:

వైఎమ్2151 ఒకటి, 24 కాళ్లు. వైఎమ్3012 ఒకటి, 16 కాళ్లు, ఇది డీ-ఏ కన్వర్టర్. 2151 నేరుగా ఆడియో ఇవ్వదు, సీరియల్ అంకెలే ఇస్తుంది. 3012 లేకపోతే మూగదే. ఆర్డునో నానో (చిప్పుకు ఆదేశాలిచ్చే చిన్న కంట్రోలర్ బోర్డు), 5 వోల్టులది. మిడి ఇన్ కోసం 6ఎన్138 (సిగ్నల్‌ను వెలుతురుతో దాటించే ఐసీ), 220 ఓమ్ రెసిస్టర్, 1ఎన్4148 డయోడ్, 5 కాళ్ల డిన్ సాకెట్. ప్రతి ఐసీ పక్కన 0.1 మైక్రోఫారడ్ సెరామిక్. ఐసీలన్నిటికీ సాకెట్లు, ఇందులో పిసినారితనం వద్దు. యమహా చిప్పులు తప్ప మిగతావన్నీ హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరికేవే.

క్లాక్ దగ్గర జాగ్రత్త. 2151కి క్రిస్టల్ నేరుగా తగిలించే కాళ్లు లేవు, తయారైన క్లాక్ సిగ్నల్ ఇవ్వాలి. 4 మెగాహెర్ట్జ్ అయితే నానో 16 మెగాహెర్ట్జ్ టైమర్ నుంచే కచ్చితంగా తీసుకోవచ్చు. 3.579545 అలా రాదు. దానికి రెడీమేడ్ ఆసిలేటర్ డబ్బా కొనండి, లేదా 74హెచ్‌సీయూ04, క్రిస్టల్, 1 మెగా ఓమ్, రెండు 22 పికోఫారడ్‌లతో కట్టుకోండి. ఆ క్రిస్టల్ పాత డీటీఎమ్ఎఫ్ (బటన్ టోన్) ఫోన్ బోర్డుల్లో, ఎమ్‌టీ8870 మాడ్యూళ్ల మీద ఉంటుంది. మన పాత కలర్ టీవీల్లోంచి పీకకండి. మన పాత టీవీ ప్రసారాలది పాల్ పద్ధతి, దాంట్లో ఉండేది 4.433619. అది పెడితే స్వరం మూడున్నర మెట్లకు పైగా పైకి లేస్తుంది, చిప్పు గరిష్ఠ క్లాక్ కూడా దాటుతుంది.

ఇక ఆప్-ఆంప్, అంటే సిగ్నల్‌ను బలపరిచే ఐసీ. 3012 అవుట్‌పుట్ 2.5 వోల్టుల చుట్టూ ఊగుతుంది, దాని వెనక బఫర్ ఉండి తీరాలి. ఇంట్లో ఉంది కదా అని అందరూ టీఎల్072 గుచ్చుతారు. 5 వోల్టుల మీద గానీ 0–12 మీద గానీ దానికి ఆ 2.5 అందదు, కింది రైలుకి (సప్లై అడుగు వోల్టేజీకి) మరీ దగ్గర. శబ్దం చిరిగిపోతుంది, నింద చిప్పు మీద పడుతుంది. టీఎల్072 వాడాలంటే ప్లస్ మైనస్ 12 ఇవ్వండి. 5 వోల్టులే ఉంటే ఎమ్‌సీపీ6002 గానీ 6004 గానీ పెట్టండి. బఫర్ తర్వాత 10 మైక్రోఫారడ్ కెపాసిటర్, అక్కణ్ణుంచి లైన్ అవుట్.

#7 8బిట్_భాస్కర్
సూరి గారూ, మీరు చెప్పినట్టే కట్టాను. క్లాక్ వస్తోంది, 3012 వైపు అంకెలు కదులుతున్నాయి. శబ్దం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

#8 ఆపరేటర్4
ముందు రీసెట్. క్లాక్ నడుస్తుండగానే ఐసీ (ఇనిషియల్ క్లియర్, అంటే రీసెట్) అని పేరున్న కాలును 100 మిల్లీసెకండ్లు కింద పట్టి వదులు. క్లాక్ మొదలవకముందే రీసెట్ ఇస్తే లెక్కలోకి రాదు.

తర్వాత ఈ రిజిస్టర్లు (చిప్పు లోపలి అంకెల గదులు) రాయి, ఎడమది గది, కుడిది విలువ, అన్నీ హెక్స్‌లో (16 ఆధారంగా లెక్కించే అంకెలు):

20 ← సీ7
28 ← 4ఏ
40 ← 01
60 ← 00
68, 70, 78 ← 7ఎఫ్
80 ← 1ఎఫ్
ఏ0 ← 00
సీ0 ← 00
ఈ0 ← 0ఎఫ్
08 ← 78

3.579545 మీద 440 హెర్ట్జ్ సైన్ వినబడాలి. ఆపడానికి 08 ← 00.

నూటికి తొంభై మంది మౌనానికి కారణం 20వ రిజిస్టర్ పై రెండు బిట్లు. అవి ఎడమ, కుడి స్విచ్చులు. రీసెట్ తర్వాత రెండూ ఆఫ్. సీ7 బదులు 07 రాస్తే అంతా సరిగ్గా నడుస్తుంది, చెవికి మాత్రం ఏమీ అందదు.

రెండో కారణం తొందరపాటు. ఒక డేటా రాశాక చిప్పు జీర్ణం చేసుకోవడానికి దాదాపు 20 మైక్రోసెకండ్లు పడుతుంది. స్టేటస్ 7వ బిట్ చూసి ఆగు, లేదా గుడ్డిగా 25 ఆగు. ఆగకపోతే కొన్ని రాతలు పోతాయి. ఒకసారి మోగి ఒకసారి మోగకపోవడం దాని లక్షణం.

#9 8బిట్_భాస్కర్
20వ రిజిస్టరే 😑 మోగింది. ఇప్పుడు వీఓపీఎమ్ (2151ను అనుకరించే ప్లగిన్) ఫైలులోంచి ఒక బేస్ శబ్దం ఎక్కించాను. బేస్ రావాల్సిన చోట గంట మోగుతోంది.

#10 ఆపరేటర్4
ఆపరేటర్ల వరస. వీఓపీఎమ్ ఫైలులో నాలుగు ఆపరేటర్లూ ఎమ్1, సీ1, ఎమ్2, సీ2 అని ఉంటాయి. చిప్పు రిజిస్టర్లలో 8 చొప్పున దూరంలో ఎమ్1, ఎమ్2, సీ1, సీ2. మధ్య రెండూ తారుమారు చేసి రాయి. ఇంకా చిరాకు ఏమిటంటే, 08వ రిజిస్టర్‌లో కీ-ఆన్ (నోట్ మోగించే) బిట్లు మళ్లీ ఎమ్1, సీ1, ఎమ్2, సీ2 వరసలోనే ఉంటాయి. యమహా వాళ్ల దయ.

స్వరాల పట్టిక కూడా ఇప్పుడే సరి చూసుకో. కీ కోడ్‌లో (28వ రిజిస్టర్) 12 స్వరాలు వరసగా ఉండవు: 0, 1, 2, 4, 5, 6, 8, 9, 10, 12, 13, 14. మధ్యలో 3, 7, 11 ఖాళీ. మొదలయ్యేది సీ-షార్ప్‌తో, సీ చివర వస్తుంది. మిడి నోట్‌లోంచి 13 తీసెయ్, 12తో భాగించు. భాగఫలం ఆక్టేవ్, శేషం పై పట్టికలో స్థానం. 69 వేసి చూడు: 56, భాగిస్తే 4, శేషం 8, పట్టికలో 10, అంటే 4ఏ.

క్లాక్ 4 మెగాహెర్ట్జ్ అయితే స్వరం 1.92 మెట్లు పైకి పోతుంది. 13 బదులు 15 తీసెయ్, కీ ఫ్రాక్షన్‌లో (సన్నని శ్రుతి సవరణ) 5 కలుపు. 30వ రిజిస్టర్‌లో ఆ విలువ పై ఆరు బిట్లలో ఉంటుంది కాబట్టి రాయాల్సింది హెక్స్ 14.

#11 జామాబాబు
చిప్పు కొనే దగ్గర ఒక మాట. ఆన్‌లైన్‌లో వచ్చే 2151ల్లో పైన గీకి కొత్త పేరు అచ్చేసినవి చాలా తిరుగుతున్నాయి. అందులో కొన్ని నిజానికి 2164లు. మోగుతాయి, అందుకే దొరకరు. పట్టుకునే ఉపాయం టైమర్ బి, చిప్పు లోపలి గడియారాల్లో ఒకటి. 12 ← 00, 14 ← 2ఏ రాసి స్టేటస్ 1వ బిట్ ఎప్పుడు లేస్తుందో కొలవండి. 3.579545 మీద అసలు 2151 అయితే దాదాపు 73 మిల్లీసెకండ్లు, 2164 అయితే దానికి రెట్టింపు. వాయించుకోవడానికి 2164 చాలు, కానీ పాత గేమ్ సంగీతం టైమర్ బి లెక్కతో నడిపితే పాట సగం వేగంతో ఈడుస్తుంది.

నా మనవి: చిప్పు కోసం నడిచే ఆర్కేడ్ బోర్డు కొని పీకొద్దు. చచ్చిన బోర్డులు బోలెడున్నాయి, వాటి మీదవి తీసుకోండి.

ఇంకో దారి ఎవరూ చెప్పలేదు. అసలు బోర్డు నుంచే శబ్దం లాక్కోవచ్చు. జామా కనెక్టర్‌లో (ఆర్కేడ్ బోర్డు అంచున ఉండే ప్రామాణిక కనెక్టర్) స్పీకర్ ప్లస్ పార్టుల వైపు 10, మైనస్ సోల్డర్ వైపు ఎల్. ఆ మైనస్ భూమి అనుకోకండి. కొన్ని బోర్డుల్లో ఆంప్లిఫయర్ రెండు చివరలనూ తోస్తుంది. దాన్ని మిక్సర్ గ్రౌండ్‌కి కలిపితే ఆంప్ ఐసీ కాలిపోతుంది. లైన్ సిగ్నల్ కావాలంటే వాల్యూమ్ పాట్ పైకాలు దగ్గర, అంటే ఆంప్‌కి ముందే, 10 మైక్రోఫారడ్ సిరీస్‌లో పెట్టి తీసుకోండి.

శబ్దం అసలు రాకపోతే మొదట 12 వోల్టులు చూడండి, 6వ కాలు, వెనక వైపు ఎఫ్. గేమ్ 5 వోల్టుల మీద చక్కగా ఆడేస్తుంది, ఆంప్‌కి మాత్రం 12 కావాలి. 5 వోల్టులు కూడా సప్లై దగ్గర కాదు, బోర్డు అంచున కొలవండి. వైర్లలో పడిపోయి 4.75 కిందికి దిగితే కరకరలు, రీసెట్లు. 5.00 నుంచి 5.05 మధ్య పెట్టండి.

#12 రేడియోమామ
అందరికీ ధన్యవాదాలు. సొంత బోర్డు వైపే మొగ్గుతున్నాను. రెండు సందేహాలు. డ్రమ్ములు ఎలా? నానో బదులు ఇంట్లో ఉన్న రాస్ప్‌బెర్రీ పై పికో వాడొచ్చా?

#13 సోల్డర్_సూరి
పికో 3.3 వోల్టులది. 2151 ఇన్‌పుట్‌లకు ఆ 3.3 సరిపోతుంది, కాబట్టి రాయడానికి ఇబ్బంది లేదు. చదివితేనే ప్రమాదం: చిప్పు డేటా కాళ్ల మీద 5 వైపు తోస్తే పికో కాళ్లు తట్టుకోవు. ఆర్‌డీ (చదివే ఆదేశం) కాలును 5 వోల్టులకు కట్టేసి, స్టేటస్ చదవకుండా 25 మైక్రోసెకండ్లు ఆగే పద్ధతిలో నడపండి. మిడి 6ఎన్138 అవుట్‌పుట్ పుల్-అప్ కూడా 3.3కే కట్టాలి, 5కి కాదు.

2151 వెచ్చబడటం మామూలే, పాత తరం ఎన్‌మాస్ చిప్పు. వేలు పెట్టలేనంత కాలితే మాత్రం తిరగేసి గుచ్చారేమో చూడండి.

#14 ఆపరేటర్4
డ్రమ్ములకు ఓకీ చిప్పు వెతకనక్కర్లేదు. ఏ శాంప్లర్ అయినా చాలు, శాంపిల్‌ను మాత్రం సరిగ్గా పాడు చేయాలి. మోనో చెయ్. 7,576 హెర్ట్జ్‌కి దించు, ఇది 1 మెగాహెర్ట్జ్ మీద 7వ కాలు పైకి కట్టిన 6295 లెక్క, అంటే 132తో భాగించినది. కాలు కిందికి కడితే 165తో భాగం, 6,061 అవుతుంది. తర్వాత ఓకీ 4 బిట్ల ఏడీపీసీఎమ్‌లోకి మార్చి మళ్లీ బయటికి తియ్. చాలా మంది రేటు తగ్గించి ఆపేస్తారు. ఆ ఇసుక రాలే శబ్దం మాత్రం ఏడీపీసీఎమ్ పొరపాట్లలోంచే వస్తుంది, రేటు ఒక్కటే సరిపోదు.

చివర 10 కిలో ఓమ్, 4.7 నానోఫారడ్ పెట్టు, 3.4 కిలోహెర్ట్జ్ దగ్గర కోత పడుతుంది. ఈ ఫిల్టర్ డ్రమ్ముల దారిలోనే ఉండాలి. ఎఫ్ఎమ్ మీద కూడా పెడితే ట్రంపెట్లు దుప్పటి కప్పుకున్నట్టు అయిపోతాయి.

అవుట్ రన్ తరహాకి వేరే వంట: 8 బిట్లు, 31,250 హెర్ట్జ్, ఏడీపీసీఎమ్ వద్దు. బాగా శుభ్రంగా ఉంటుంది.

హై-హ్యాట్ల కోసం 8వ చానల్ నాయిస్ గుర్తుంచుకో. 0ఎఫ్ రిజిస్టర్ పై బిట్ వేస్తే ఆ చానల్ సీ2 ఆపరేటర్ నాయిస్ అవుతుంది. ఆ ఒక్క చానల్‌కే ఆ సదుపాయం.

#15 బైట్_బసవ
ఇంత కష్టం దేనికో అర్థం కావడం లేదు. న్యూకెడ్ ఓపీఎమ్ అనే 2151 ఎమ్యులేషన్ (సాఫ్ట్‌వేర్ అనుకరణ) చిప్పు లోపలి ఫొటోలు చూసి గేటు గేటుకూ రాసింది. దానికీ చిప్పుకీ తేడా ఎవరి చెవికి దొరుకుతుంది?

#16 ఆపరేటర్4
అంకెల వరకు దొరకదు, ఒప్పుకుంటాను. 3012 తర్వాత ఉన్నది అంకెలు కాదు. అది ఫ్లోటింగ్ పాయింట్ కన్వర్టర్, 10 బిట్ల మాంటిసా, 3 బిట్ల ఎక్స్‌పోనెంట్ (అంకె, దాని స్థాయి). నోట్ ఆరిపోయేటప్పుడు తోకలో సన్నని గరుకు ఉంటుంది. అంకెలను అలా దగ్గరి విలువకు కుదించడాన్ని కూడా మంచి ఎమ్యులేటర్లు లెక్కలోకి తీసుకుంటాయి. మిగిలేది బఫర్, ఫిల్టర్, ఆంప్, చెక్క డబ్బాలో స్పీకర్. నిజాయితీగా చెప్పాలంటే ఆర్కేడ్ గుర్తుగా మన మనసులో మిగిలినదాంట్లో ఆ స్పీకర్ వాటా చిప్పు కన్నా పెద్దది. ప్లగిన్‌కి ఒక మోనో స్పీకర్ తగిలించినా చాలా దూరం వెళ్లొచ్చు. మామ అడిగింది పెట్టె, అందుకని పెట్టె సంగతి చెబుతున్నాం.

#17 మిడిరాణి
బసవ గారూ, పెట్టెకీ బోర్డుకీ మధ్య కూడా ఒక నిజమైన తేడా ఉంది, సమయం. మిడిలో ఒక బైటుకు 320 మైక్రోసెకండ్లు. 8 చానళ్ల మీద వేర్వేరుగా ఒకేసారి నోట్లు వేస్తే 24 బైట్లు, 7.7 మిల్లీసెకండ్లు. ఎఫ్‌బీ-01 ఆలోచించుకునే సమయం దానికి అదనం. బోర్డుకు నేరుగా రాస్తే చానల్‌కు మూడు రాతలు, మొత్తం 24 రాతలు, అర మిల్లీసెకండ్ చిల్లర. కిక్, బేస్ ఒకే క్షణంలో పడే ఆ దెబ్బ అందుకే మిడి మాడ్యూల్‌లో కొంచెం పలచన. కీబోర్డుతో వాయిస్తే ఎవరికీ తెలియదు, సీక్వెన్సర్‌తో (నోట్లను వరసగా తానే పంపే సాఫ్ట్‌వేర్ లేదా పెట్టె) 8 చానళ్లూ నడిపితే తెలుస్తుంది. మాడ్యూలే వాడేవాళ్లు డ్రమ్, బేస్ భాగాలను సీక్వెన్సర్‌లో పై ట్రాకుల్లో పెట్టండి. చాలా సీక్వెన్సర్లు ముందు ట్రాక్‌ను ముందు పంపుతాయి.

#18 8బిట్_భాస్కర్
అక్కా, జపాన్ నుంచి ఎఫ్‌బీ-01 ఒకటి తక్కువకి వస్తోంది. మన కరెంటుకి పని చేస్తుందా?

#19 మిడిరాణి
జపాన్‌ది 100 వోల్టులు. మన 230లో నేరుగా పెట్టకు, పోతుంది. 230 నుంచి 100కి దించే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. మార్కెట్‌లో సులువుగా దొరికేది 110ది. నడుస్తుంది గానీ లోపలి రెగ్యులేటర్ ఎక్కువ వేడెక్కుతుంది, గంటల తరబడి వాడేటట్టయితే 100దే చేయించుకో. వెనక ప్లేటు మీద వోల్టేజీ రాసి ఉంటుంది, అమ్మేవాణ్ణి దాని ఫొటో అడుగు.

ఎస్‌సీ-55, ఎమ్‌టీ-32 కొనేవాళ్లకు ఈ గొడవ లేదు, 9 వోల్టుల డీసీ అడాప్టర్. కానీ మధ్య పిన్ను నెగెటివ్. మన దగ్గర మామూలుగా దొరికేవి మధ్య పాజిటివ్. మల్టీమీటర్ పెట్టకుండా గుచ్చొద్దు.

#20 రేడియోమామ
బోర్డు తేలింది: పికో, 3.579545 ఆసిలేటర్, ఎమ్‌సీపీ6004. చివరిగా ఒకటి. స్విచ్ వేయగానే స్పీకర్‌లో 'ఠప్'మంటోందని కొందరన్నారు. దానికేం చేయాలి?

#21 సోల్డర్_సూరి
3012 అవుట్‌పుట్ 0 నుంచి 2.5కి ఎగబాకేటప్పుడు 10 మైక్రోఫారడ్ నిండే చప్పుడు అది. కెపాసిటర్ బయటి వైపు నుంచి గ్రౌండ్‌కి 100 కిలో ఓమ్ పెట్టండి. లేకపోతే కేబుల్ గుచ్చినప్పుడల్లా మళ్లీ ఠప్. ఇంకా మిగిలితే అవుట్‌పుట్ మీద చిన్న రిలే ఒకటి. పికో మొదలయ్యాక, చిప్పు రీసెట్ అయ్యాక, ఒక సెకను ఆగి రిలే వేయమని రాయండి. కాయిల్‌కు అడ్డంగా 1ఎన్4007 తిరగేసి పెట్టడం మరవకండి. రిలేను పికో కాలుతో నేరుగా లాగించకుండా మధ్యలో బీసీ547 ఉంచండి.